వరండాలో ఓవెన్

మా ఇంటి బెల్ మోగిందంటే అది మా కోసం కాదు. తలుపు తీస్తే ఒక హెల్మెట్ నిలబడి "సింధూరి కేక్స్?" అంటుంది. నేను పైకి వేలు చూపిస్తాను. పొద్దస్తమానం ఇదే పని. ఒకరోజు ఒళ్ళు మండి పైకెక్కి తలుపు కొట్టాను.

ముక్కు మీద మైదాతో ఒకమ్మాయి తీసింది.

"పేరు రాసి బోర్డు పెట్టుకోకూడదా? మాకు వేరే పనుండదా?"

"పెడితిని. వానకు కారిపోయింది. మీ పేరు?"

"వెంకట్రామ్."

"ఒక పీస్ తింటారా, వెంకట్రామ్?"

"మేం గుడ్డు తినం."

"ఇది ఎగ్‌లెస్."

కొట్లాడదామని ఎక్కినవాణ్ణి కేకు ముక్కతో దిగాను. అంతటితో నా పని అయిపోయింది.

ఆ తర్వాత ప్రతి శనివారం ఆమె దగ్గర ఎగ్‌లెస్ కప్‌కేకులు కొన్నాను. ఆఫీసుకని చెప్పాను.

"మీ ఆఫీసులో ఎంతమంది?" అంది ఒకసారి.

"చాలామంది."

"ఆమా ఆమా, చాలామందే. మీరు ఇంట్లో నుంచే గదా పని చేసేది? ఫోన్లో మీరు అరిచేది పైకంతా వినపడతాది."

మాట మార్చాను. మా ఇంట్లోనూ ఓవెన్ ఉందని గొప్ప చెప్పుకుని దిగొచ్చాను. ఉన్నమాట నిజమే. మొదటి జీతంతో మా అవ్వ పంకజానికి కొనిచ్చాను. అవ్వ దాన్ని ఒక్కసారీ వెలిగించలేదు. మెత్తబడకుండా అందులో అప్పళాలు దాచుకుంది. తరతరాలుగా జార్జ్ టౌన్‌లో పప్పుల హోల్‌సేల్ చేసే ఇల్లు మాది. గుడ్డు మా గడప దాటదు.

సింధూరి కాల్ సెంటర్ ఉద్యోగం వదిలి కేకులు మొదలుపెట్టింది. వాళ్ళ నాన్న ఆదికేశవులుకు అది నచ్చలేదు. చివరికి అంబత్తూరులో ఒక కంపెనీ వాళ్ళ ఫంక్షన్‌కు కేకు అడిగింది. నచ్చితే నెలనెలా ఆర్డర్. ఇది పోతే మళ్ళీ ఉద్యోగానికే పోవాలని ఆయన తేల్చి చెప్పాడు.

సరిగ్గా ఆ ఫంక్షన్ రోజే వాన పట్టుకుంది. మధ్యాహ్నం బెల్ మోగింది. తీస్తే రెండు చేతులా కేకు టిన్ను పట్టుకుని సింధూరి.

"మా ఫేస్ పోయింది! మీకు కరెంట్ ఉందా?"

వానొస్తే మా బిల్డింగ్‌లో ఇది మామూలే. ఒక ఫేస్ పోయి పైన చీకటి, కింద మాకు ఫ్యాన్ తిరుగుతుంటుంది.

"ఉంది. ఏమైంది?"

"గుడ్లు గిలక్కొట్టి కలిపిన పిండి ఇది. ఊరికే పెడితే అణిగిపోతాది. మీ ఓవెన్ ఇస్తారా?"

"ఎవుర్రా ఆడ?" అంటూ అవ్వ వచ్చింది. టిన్నులోకి చూసింది. "ఏందమ్మా ఇది?"

"కేకు, అవ్వా. మీ ఓవెన్‌లో పెట్టుకుందామని."

"గుడ్డుందా?"

నేను అవ్వ వెనక నిలబడి, లేదని చెప్పమని తల అడ్డంగా ఊపాను. ఒక్క మాట చాలు. సింధూరి నన్ను చూసింది, టిన్నును చూసింది.

"ఉంది, అవ్వా."

"అయితే నా వంటింట్లో కుదరదు."

"సరి, అవ్వా." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నేను ఆగలేకపోయాను. లోపలికి పరిగెత్తి, ఓవెన్‌లోని అప్పళాలు పళ్ళెంలో పోసి, ఓవెన్‌ను ఎత్తుకుని వెనక వరండాలోకి తెచ్చాను. వాషింగ్ మెషీన్ ప్లగ్ పీకి దీని ప్లగ్ పెట్టాను. అవ్వ చూస్తూనే ఉంది. "ఆ అప్పళాలకు మూత పెట్టు" అని మాత్రం అంది.

వరండాలోకి జల్లు కొడుతోంది. ఓవెన్‌కు గొడుగు పట్టి మేమిద్దరం తడిశాం.

"ఒక్క అబద్ధం చెప్పుంటే ఈ తిప్పలు ఉండవు గదా! సైగ చేస్తినే!"

"చూసినా. కేకు ఈ పొద్దుతో అయిపోతాది. అవ్వ ముఖం రోజూ చూడాల గదా?"

"రోజూనా? ఎందుకు?"

"ఎందుకో లేని ఆఫీసుకు కేకులు కొనేవాళ్ళే చెప్పాల."

ఇంక దాచడం నావల్ల కాలేదు. "నువ్వంటే నాకు ఇష్టం సింధూరీ. ఆ కప్‌కేకులంటే అంత ఇష్టం లేదు."

"ఏందీ? బాగలేవా?"

"అయ్యో, తీపి నాకు పడదు!"

"పడకపోయినా ప్రతి వారం తింటివా?" అని గొడుగు వదిలేసి మరీ నవ్వింది. ఆ నవ్వు చూస్తూ నేను జల్లు సంగతే మరిచిపోయాను. లోపల కేకు పొంగింది.

వాషింగ్ మెషీన్ మూత మీదే కేకు పెట్టి క్రీము పూసి, ఆటోలో బయల్దేరాం. వ్యాసర్పాడిలో రైలు పట్టాల కింది సబ్‌వేలో నీళ్ళు నిలిచి ఆటో ఊరంతా చుట్టింది. ఎలాగో అంబత్తూరు చేరాం. అక్కడి మేనేజరమ్మ ఒక ముక్క తిని, ఇక నెలనెలా సింధూరినే చెయ్యమంది.

తిరిగొచ్చేసరికి అవ్వ వాకిట్లో నిలబడి ఉంది.

"కేకు బాగా వచ్చిందా?"

"వచ్చింది, అవ్వా. నెలనెలా ఇమ్మన్నారు."

"సంతోషం. రేయ్, ఆ ఓవెన్ పెట్టె ఇంక నా వంటింట్లోకి రాకూడదు. పైకి మోసెయ్."

"సరే అవ్వా." ధైర్యం చేసి అడిగాను. "మరి... సింధూరి రావచ్చా?"

"వాకిలి పక్కనే గోడకు అద్దం ఉందిరా. నువ్వు నా వెనక తల ఊపింది చూడలేదనుకుంటివా? అబద్ధం చెప్పమని నువ్వు నేర్పినా చెప్పని పిల్ల. దాన్ని నేనెందుకు వద్దంటా?" సింధూరి తడి జుట్టు మీద చెయ్యి పెట్టింది. "కాళ్ళు కడుక్కుని లోపలికి రామ్మా. కాఫీ పెడతా."

సింధూరి కాళ్ళు కడుక్కుని, నాకంటే ముందు మా వంటింట్లోకి నడిచింది.