కండెకు పది గోళ్లు

బడి వదిలాక వాణి తమ వీధి మలుపు తిరిగింది. ఆ వీధిలో ఇంటికో మగ్గం ఉంది. టక్, టక్ అని ఒక్కో ఇంటి చప్పుడు ఒక్కోలా ఉంటుంది. కళ్లు మూసుకుని నడిచినా ఏ ఇంటి ముందు ఉందో వాణి చెప్పగలదు.

ఈరోజు ఒక్క చప్పుడు తక్కువైంది. అది నాన్న మగ్గానిది.

భోజనానికి తప్ప నాన్న మగ్గం ఆపడు. వాణి పుస్తకాల సంచి భుజాన పట్టుకుని లోపలికి పరిగెత్తింది.

నాన్న శివనాగరాజు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే ఉన్నాడు. చేతులు మాత్రం ఒళ్లో ఉన్నాయి. అతని ముందు బారుగా పరిచిన పసుపుపచ్చ పడుగు మధ్యలో నిలువు దారాలు తెగి, కొన్ని పైకి లేచి, కొన్ని కిందకి వేలాడుతున్నాయి.

మామ్మ సూరమ్మ కళ్లజోడు సర్దుకుని, వంగి లెక్కపెడుతోంది.

"నలభై ఒకటి... నలభై రెండు. నలభై రెండు పోగులు పోయేయిరా నాగరాజూ."

"ఏమైంది మామ్మా?" అంది వాణి.

"ఏమవుద్దే? మీ కండె చేసిన ఘనకార్యం. బల్లిని చూసి పడుగు మీదకి దూకింది. గోళ్లు దారాల్లో ఇరుక్కున్నాయి. బెదిరిపోయి గింజుకుంది. అంతే."

కండె అంటే వాళ్ల పిల్లి. దారం చుట్టిన చిన్న చిన్న గొట్టాలను నేతవాళ్లు కండెలు అంటారు. పిల్లగా ఉన్నప్పుడు అది ఎప్పుడు చూసినా ఆ కండెల బుట్టలోనే చుట్టుకుని పడుకునేది. అందుకే ఆ పేరు.

పిల్లి లేకపోతే నేతవాళ్ల ఇల్లు గడవదు. పడుగుకి బియ్యపు గంజి పట్టిస్తారు కదా, ఆ వాసనకి ఎలకలు వస్తాయి. ఒక్క ఎలక చాలు, వారం రోజుల పనిని కొరికి పాడుచేస్తుంది. కండె వచ్చాక ఆ ఇంట్లో ఎలక అన్నదే కనబడలేదు.

ఇప్పుడు కండె మూలనున్న కుర్చీ కింద దాక్కుంది. రెండు కళ్లు మాత్రం మెరుస్తున్నాయి.

మామ్మ నడుం పట్టుకుని లేచింది. వాణి వైపు చూసింది.

"ఏమే, మొన్న ఆదివారం దీని గోళ్లు తీసేవా?"



"తీసేను మామ్మా."

ఆ మాట ఎలా వచ్చిందో వాణికే తెలియదు. వచ్చేసింది.

నాన్న తల పైకెత్తాడు. "తీసేవా? తీసినా ఇంత పని చేసిందా?"

వాణి తల ఊపింది.

 నాన్న మెల్లగా అన్నాడు. "గోళ్లు తీయకపోతే మన పొరపాటు అనుకోవచ్చమ్మా. తీసినా ఇలా చేసిందంటే ఇక మనమేం చేస్తాం? శనివారం మరియమ్మ టీచరు గారికి చీర ఇవ్వాలి. ఇవాళ బుధవారం. మళ్లీ దూకితే?"

మరియమ్మ టీచరు వాణి బడిలోనే పాఠాలు చెప్తారు. ఆవిడకి బదిలీ అయింది. పిల్లల అమ్మానాన్నలంతా కలిసి ఆవిడకి చీర పెడదామనుకున్నారు. అది నేసే పని నాన్న అడిగి మరీ తీసుకున్నాడు.

"రేపు పొద్దున మీ కొండబాబు మావయ్య పాయ దాటి వెళ్తున్నాడు. గోనెసంచిలో పెట్టి ఇచ్చేస్తాను. అవతల ఒడ్డున వదిలేస్తాడు. నీళ్లు దాటిస్తే పిల్లి తిరిగి రాదు" అన్నాడు నాన్న.

"నాన్నా!"

"నాకు మాత్రం ఇష్టమా?" అని నాన్న తెగిన పోగుల వైపు తిరిగాడు.

*

వాళ్లింట్లో ఆదివారం గోళ్ల రోజు.

పొద్దున్నే మామ్మ అరుగు మీద నెయిల్ కట్టర్ పట్టుకుని కూర్చుంటుంది. నాన్న, అమ్మ, వాణి వరసగా చేతులు చూపించాలి. చుట్టపుచూపుగా వచ్చిన మావయ్యనైనా వదలదు. "ఈ ఇంట్లో గోరు పెరిగిందంటే చీర చిరుగుద్ది" అంటుంది. అది నిజం. గోరు అంచు కాస్త గరుగ్గా ఉన్నా చాలు, సన్నని పోగును పట్టుకుని లాగేస్తుంది.

ఆఖరున కండె వంతు. మామ్మ కంటికి శుక్లాలు వచ్చాక ఆ పని వాణికి అప్పగించింది. ఎలా చేయాలో దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది.

"దాన్ని నిద్రమత్తులో ఉన్నప్పుడు ఒళ్లోకి తీసుకో. పాదం మీద మెల్లగా నొక్కితే గోరు బయటకొస్తుంది. వెలుతురుకి పెట్టి చూడు. లోపల గులాబీ రంగు గీత కనబడిందా? అది ప్రాణం ఉన్న చోటు. దాని జోలికి వెళ్లకు. చివర ముల్లులా ఉన్నదే తియ్యి. బియ్యపుగింజలో సగం అంతే."

"గోళ్లు తీసేస్తే ఎలకల్ని ఎలా పడుతుంది మామ్మా?"

"ముల్లు తీస్తున్నాం గానీ గోరంతా పీకుతున్నామా? వెనక కాళ్లవి అసలు ముట్టుకోం. చెట్టెక్కడానికి, గోడ దూకడానికి దానికి కావాలి. ముందు కాలికి అయిదు, రెండు కాళ్లకీ పది. అంతే నీ పని."

"అయిదెక్కడివి? నాలుగే కనబడుతున్నాయి."

మామ్మ నవ్వి, పిల్లి కాలి లోపలి వైపు బొచ్చు పక్కకు తీసి చూపించింది. పైన, మన బొటనవేలులా, ఒక గోరు విడిగా ఉంది.

"ఇదే అసలైంది. నేలకి తగలదు, అరగదు. వంకర తిరిగి పెరిగి పెరిగి దాని మాంసంలోకే దిగుద్ది. మా పుట్టింట్లో ఓ ముసలి పిల్లి ఉండేది. కుంటుతూ తిరిగేది. ముల్లు గుచ్చుకుందేమో అనుకున్నాం. తీరా చూస్తే దాని గోరే దానికి గుచ్చుకుంది. పాపం, నోరు లేని జీవి, ఎవరితో చెప్పుకుంటుంది?"

కొన్నాళ్లు వాణి ఆ పని శ్రద్ధగానే చేసింది. ఒక ఆదివారం పక్కింటి వీరలక్ష్మి వచ్చి చూసింది. పొట్ట పట్టుకుని నవ్వింది.

"అమలాపురంలో కొత్తగా బ్యూటీ పార్లర్ పెట్టేరంట. మీ ఇంట్లో కూడా పెట్టేరా? పిల్లికి పౌడర్ కూడా రాస్తావా ఏంటే?"

మర్నాడు బడిలో ఇద్దరు ముగ్గురు వాణిని చూసి "మ్యావ్" అన్నారు.

తర్వాతి ఆదివారం వాణి నెయిల్ కట్టర్ జేబులో పెట్టుకుని వీరలక్ష్మి ఇంటికి టీవీ చూడటానికి వెళ్లిపోయింది. తిరిగొచ్చాక మామ్మ అడిగింది. "ఆయ్, అయిపోయింది" అంది వాణి. ఆ పై వారం కూడా అంతే. మొన్న ఆదివారం కూడా అంతే.

ఎవరికీ తెలియలేదు. ఏమీ కాలేదు. ఈరోజు వరకూ.

*

నాన్న టీ తాగడానికి వీధిలోకి వెళ్లాడు. అమ్మ సత్యవేణి పెరట్లో రాట్నం దగ్గర ఉంది. వాణి కుర్చీ ముందు బోర్లా పడుకుని చెయ్యి చాపింది.

"కండే, రా."

చాలాసేపటికి కండె వచ్చింది. వాణి మోచేతి మీద తల ఆనించి గురగురలాడింది. దానికేం తెలుసు? రేపు సంచిలో వెళ్తుందని దానికెవరు చెప్పేరు?

వాణి దాని ముందు కాలు పట్టుకుని మెల్లగా నొక్కింది. గోళ్లు బయటికొచ్చాయి. కొక్కేల్లా వంగి, చివర సూదిలా ఉన్నాయి. ఒకదానికి ఇంకా పసుపుపచ్చ పోగు వేలాడుతోంది. పక్కనున్న అయిదో గోరు అయితే గుండ్రంగా తిరిగి పాదాన్ని తాకబోతోంది. వాణి అక్కడ వేలు పెట్టగానే కండె కాలు లాక్కుంది.

"నొప్పా?" అంది వాణి. కండె ఆ చోటు నాకడం మొదలుపెట్టింది.

గూట్లో నెయిల్ కట్టర్ ఉంది. వాణి గబగబా తీసింది. ఇప్పుడు తీసేస్తే సరి. నాన్న వచ్చి చూసినా గోళ్లు పొట్టిగానే ఉంటాయి. తను అబద్ధం చెప్పిందని ఎవరికీ తెలియదు.

కట్టర్ గోటి దాకా వెళ్లింది. వాణి చెయ్యి ఆగిపోయింది.

గోళ్లు తీసినా చింపింది కాబట్టే కదా నాన్న దీన్ని పంపేస్తానన్నాడు! ఇప్పుడు తీసేస్తే తన అబద్ధం దాగుతుంది. కండె మాత్రం వెళ్లిపోతుంది.

వాణి ఆ గోళ్ల వైపు చాలాసేపు చూసింది. కండె తప్పు చేయలేదని చెప్పగలిగినవి ఆ పొడుగు గోళ్లే. మరి కండెకి మాటలు రావు.

వాణి కట్టర్ తిరిగి గూట్లో పెట్టేసింది.

*

నాన్న గుమ్మంలోకి రాగానే వాణి కండెను ఎత్తుకుని ఎదురెళ్లింది.  కండె పాదం నొక్కి చూపించింది.

నాన్న వంగి చూశాడు. గోటికి వేలాడుతున్న పసుపుపచ్చ పోగును రెండు వేళ్లతో తీశాడు.

"ఎన్ని వారాలైంది?"

"మూడు, నాన్నా."

"ఇందాక తీసేనన్నావు."

"అబద్ధం చెప్పేను. వీరలక్ష్మి వాళ్లు నవ్వుతున్నారని మానేసేను. మామ్మ అడిగిన ప్రతిసారీ అయిపోయిందన్నాను." వాణి కళ్లలోంచి నీళ్లు కండె వీపు మీద పడ్డాయి. కండె విసుగ్గా చెవి విదిల్చింది.

మామ్మ గుమ్మం పక్కనే నిలబడి అంతా వింటోంది. 

"నేను వీధిలో ఉండగా తీసేసి ఉంటే నాకు తెలిసేది కాదుగా?" అన్నాడు నాన్న.

"ఆయ్. కానీ కండె వెళ్లిపోయేది కదండీ."

నాన్న వాణి ముఖం వైపు చూశాడు. కోపంగా చూశాడో, ఇంకెలా చూశాడో వాణికి అర్థం కాలేదు. తర్వాత చెయ్యి చాపాడు.

"ఏదీ, నీ గోళ్లు చూపించు."

వాణి చూపించింది. పొట్టిగా ఉన్నాయి.

"కాళ్లు కడుక్కుని రా. నలభై రెండు పోగులు అతకాలి. నీ వేళ్లు సన్నం, కొసలు అందిస్తే నాకు త్వరగా అవుద్ది."

పొద్దు వాలే దాకా ఇద్దరూ కూర్చున్నారు. వాణి ఒక్కో పోగు కొస వెతికి పట్టుకునేది. నాన్న పోగు జారకుండా వేలికి కాస్త బూడిద అద్దుకుని, కొత్త దారం కొసను దానికి చేర్చి మెలిపెట్టేవాడు. పది పోగులయ్యేసరికి వాణి మెడ నొప్పి పుట్టింది. ఇరవై అయ్యేసరికి కళ్లు మండాయి. నాన్న ఆగలేదు. వాణి కూడా ఆపుదామని అనలేదు.

ఈలోగా మామ్మ కండెను ఒళ్లో వేసుకుంది. అమ్మ గోరు చూసి కత్తిరిస్తుంటే మామ్మ పట్టుకుంది. పాదాన్ని తాకబోతున్న ఆ గోరు దగ్గర అమ్మ ఆగింది. "ఇంకో రెండు వారాలు ఆగితే దిగిపోయేదే అత్తయ్యగారూ" అంది. ఆ మాట వాణి చెవిన పడింది. 

మర్నాడు పొద్దున కొండబాబు మావయ్య సైకిల్ మీద వచ్చాడు. హ్యాండిల్‌కి ఖాళీ గోనెసంచి వేలాడుతోంది.

"పిల్లి ఏదండీ బావగారూ?"

"దాని తప్పు కాదంట బావా. తప్పు చేసినోళ్లు ఒప్పుకున్నారు" అన్నాడు నాన్న మగ్గం మీంచి తల తిప్పకుండా.

"అయితే ఆళ్లని సంచిలో వెయ్యమంటారా?"

వాణి అమ్మ వెనక దాక్కుంది. మామ్మ పకపకా నవ్వింది. "నువ్వు ముందు నీ గోళ్లు చూపించరా. ఎప్పుడు తీసేవో ఏంటో!"

శనివారం మరియమ్మ టీచరు ఆ పసుపుపచ్చ చీర మడత విప్పి, వెలుతురుకి పెట్టి చూసి మురిసిపోయారు. అతుకు ఎక్కడుందో ఆవిడకి కనబడలేదు. వాణికి మాత్రం కనబడింది.

*

ఆదివారం పొద్దున వీరలక్ష్మి గుమ్మంలోంచి కేకేసింది.

"వాణీ! టీవీలో మొదలైపోతుంది, రా!"

వాణి అరుగు మీద ఎండలో కూర్చుని ఉంది. ఒళ్లో కండె సగం నిద్రలో ఉంది.

"నువ్వెళ్లు. నేను పని అయ్యాక వస్తాను."

"మళ్లీ బ్యూటీ పార్లర్ తెరిచేవా?"

"ఆయ్, తెరిచేను. ఊరికే నిలబడే బదులు ఈ కాలు కాస్త పట్టుకో. గట్టిగా నొక్కకు."

వీరలక్ష్మి మొహం ఒకలా పెట్టి, అయినా వచ్చి కూర్చుంది. వాణి పాదం నొక్కగానే బయటికొచ్చిన గోరు చూసి కళ్లు పెద్దవి చేసింది.

"ఓయమ్మో, లోపల ఎర్రగా ఏంటే?"

"అది ప్రాణం ఉన్న చోటు. దాని జోలికి వెళ్లకూడదు."

టిక్. టిక్. ఒక్కో ముల్లూ రాలింది. ఇంకొకటి ఉందనగా కండె కాలు లాక్కుని, అరుగు దిగి, కొబ్బరి మొక్కల వైపు చక్కా పోయింది.

"పోనీలే, ఒక్కటేగా" అంది వీరలక్ష్మి లేస్తూ. "పదవే, పదవే."

లోపల్నించి మామ్మ గొంతు వినబడింది. "వాణీ! కండె గోళ్లు అయిపోయేయా?"

వాణి చెప్పుల్లో కాలు పెట్టబోతూ ఆగింది. నెయిల్ కట్టర్ వైపు చూసింది.

"లేదు మామ్మా. తొమ్మిదే అయ్యేయి" అని గట్టిగా చెప్పి, మళ్లీ అరుగు మీద కూర్చుంది. "పక్కగోరు ఒకటి మిగిలింది. అది వచ్చి పడుకున్నాక తీస్తాను."