కాలువ వైపు అద్దం

హాలండ్‌లో మా లైడెన్ ఊళ్లో, కాలువ మీది వంతెన దిగగానే ఓ ఖాళీ ఇల్లుంది. పొద్దుగూకాక ఎవరూ దాని వంక చూడరు. కిటికీ బయట ఇనప కమ్మీకి చిన్న అద్దం... లోపల కూర్చున్నవాళ్లకి వీధి కనబడేలా మా పాత ఇళ్లకి అలా ఉంటుందిలెండి. కానీ ఈ అద్దంలో ముఖం కనబడిందా — చూసినవాళ్లింట్లో ఒకరు కాలువ పాలేనట!

వంతెన మీద ఉప్పుచేపలమ్ముకునే దాన్ని, నాకు తెలీదా? ఆ కథ అల్లింది మా వౌటర్. పాత ఇళ్లు చూపిస్తూ జనాన్ని వీధులెంట తిప్పడం అతని పని. ఓనాడు వంటింట్లో బంగాళాదుంపలు ఒలుస్తూ అందరికన్నా ముందు తన పెళ్లాం ఆలెయిడాకే చెప్పాడు — ఓడవాడి భార్య అద్దం ముందే కూర్చుందని, మొగుడు మునిగిపోయాడని ఎవరు చెప్పినా నమ్మలేదని.

ఇప్పుడా ఆలెయిడాకి మతిమరుపు జబ్బు. పొద్దున తిన్నది కూడా గుర్తుండదు.

ఆ చలికాలం సాయంత్రం మంచు కమ్మేసింది. వౌటర్ చర్చి ముందు జనానికేదో చెబుతుంటే పక్కింటావిడ ఫోను.

"మీ తలుపు బార్లా తీసుంది వౌటర్... ఆవిడ లేదు."

అంతే, జనాన్ని వదిలేసి పరుగు. మా కాలువలకి కంచె ఉండదు. అడుగు తప్పితే నీళ్లే. నా కొట్టు దగ్గరకొచ్చి చేతులు పట్టేసుకున్నాడు.

"చూశావా అక్కా? నీలం కోటు..."

లేదన్నాను. ఏడుపొచ్చింది నాకు. నీళ్లలోకి టార్చి వేసుకుంటూ పోయాడు పాపం.

ఆ తర్వాతది అతను చెప్పిందే. ఖాళీ ఇంటి ముందు కాళ్లు ఆగిపోయాయట.

అద్దంలో — తెల్లటి ముఖం. అతన్నే చూస్తోంది.

తను అల్లిన కట్టుకథేగా... దానికి ముఖమెక్కడిది?

"అయిపోయింది దేవుడా... నా మనిషి పోయింది," అన్నాడట.

అప్పుడు అద్దంలో చెయ్యి కదిలింది. జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. ఆ అలవాటెవరిదో అతనికి తెలీదా!

ఆ ఇంటికి సున్నం వేస్తున్న మరమ్మతువాళ్లు తాళం వెయ్యడం మరిచిపోయారు. తలుపు తోసుకుని లోపలికి ఉరికాడు. కిటికీ దగ్గర బకెట్టు బోర్లించుకుని కూర్చుంది ఆలెయిడా. ముఖం నిండా గోడల సున్నం.

"బతికించావే..." అంటూ వాటేసుకోబోయాడు. ఆవిడ వెనక్కి జరిగింది.

"అరవకండి," గుసగుసగా అంది. "మా ఆయన నీళ్లలో పోయాడంటున్నారు. అంతా అబద్ధం. నేనిక్కడే చూస్తుంటా... మీకెక్కడైనా కనిపించాడా?"

వౌటర్ చాచిన చేతులు దించుకున్నాడు.

"కనిపించాడమ్మా. ఇంటికే వెళ్తున్నాడు. రండి, చూపిస్తా."

ఇద్దరూ నా కొట్టు ముందునుంచే వెళ్లారు. ఆవిడ అతని చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

"ఆయన పేరు వౌటర్, బాబూ," అని చెబుతోంది. "చూస్తే నేను గుర్తుపట్టేస్తా."