ఎలుకలకు పనిచేసిన మందు

అత్తగారి కళ్ళు పసుపుపచ్చగా మారిన ఆ ఉదయం కోడలికి భయం కంటే ముందు ఒళ్ళు మండింది. పరుపు కింద నొప్పి మాత్రల ఖాళీ అట్టలు గుప్పెడు దొరికాయి మరి! మోకాళ్ళ నొప్పికి డాక్టరు రాసినదానికి రెట్టింపు మింగుతోంది ఆవిడ. వద్దని చెప్పి చెప్పి కోడలి నోరు నొప్పి పుట్టిందే తప్ప...

ఆస్పత్రిలో చేర్చుకుని, మాత్రలు ఎక్కువై కాలేయం దెబ్బతిందనీ, విరుగుడు ఎక్కిస్తున్నామనీ చెప్పారు. ఆ మాట వినగానే ఆడపడుచు వరండాలోనే వదినను నిలదీసింది. కాలేయాన్ని కాపాడుతుందంటూ ప్రయోగశాలలో ఏదో మొక్క సారం తీసి ఇన్నేళ్ళుగా ఎలుకలకు తాగిస్తోంది కదా, ఆ సీసా ఒకటి అమ్మకు తేలేదా అని. భర్త కూడా చెల్లెలికే వంత పాడాడు. ఎలుకల వాసనంటూ ముక్కు మూసుకునే మనుషులకు ఈ రోజు ఆ ఎలుకలే దిక్కయ్యాయి!

ఎలుకకు ముందు సారం పట్టించి, ఆ తర్వాతే విషం ఇస్తామనీ, దెబ్బ తగిలాక పట్టిస్తే ఫలితం లేదనీ, మనుషులకు ఇంతవరకు ఇవ్వనే లేదనీ ఆమె ఓపిగ్గా చెప్పింది. మళ్ళీ చెప్పింది. "నీ కన్నతల్లయితే ఇలాగే అంటావా వదినా?" అంది ఆడపడుచు. కోడలు లోపలికి వెళ్ళి అత్తగారి మంచం పక్కన కూలబడింది.

అన్ని మాత్రలు ఎందుకు వేసుకున్నారని అడిగితే, అత్తగారు మొహం గోడవైపు తిప్పుకుంది.

"ఏం కాదనుకున్నానమ్మా. నీ మొక్క ఆకు రోజూ నూరుకుని తాగుతున్నాగా."

కోడలు ఫోన్లో మాట్లాడుతుంటే ఆ మొక్క పేరు విని, నర్సరీ నుంచి తెప్పించుకుందట! కోడలికి తల బాదుకోవాలనిపించింది.

"నన్నొక్క మాట అడగకూడదా అత్తయ్యా?"

"అడిగితే వద్దంటావు. నువ్వింత కష్టపడేది ఉత్తినే కాదని నా నమ్మకం."

ఇంటిల్లిపాదిలో తన పనిని నమ్మిన ఒకే ఒక్క మనిషి... ఆ నమ్మకంతోనే ప్రాణం మీదకు తెచ్చుకుంది! తిట్టాలో ఏడవాలో తెలియక, ఆకు సంగతి డాక్టరుకు చెప్పడానికి పరుగెత్తింది.

విరుగుడు పనిచేసింది. కళ్ళు తెల్లబడి, తిరగగలిగే ఓపిక వచ్చాక, ఆ ప్రయోగశాల చూస్తానని అత్తగారు పట్టుబట్టింది. కోడలు విసుక్కుంటూనే పైఅధికారిని బతిమాలి తీసుకెళ్ళింది. అద్దం వెనక వరసగా బోనులు. సారం తాగిన ఎలుకలు ఇటు, తాగనివి అటు.

"ఇవి బతికిపోతాయన్నమాట," అంది ముసలావిడ సంబరంగా.

"లేదత్తయ్యా. కాలేయం ఎలా ఉందో చూడాలిగా. చివరికి అన్నిటినీ కోస్తాం."

"ఎవరు?"

"నేనే."

అత్తగారు కోడలి చెయ్యి అందుకుని, రెండు వైపులా తిప్పి చూసింది.

"ఈ పని చేసొచ్చి, ఈ చేతులతోనే మాకు వండిపెడుతున్నావా తల్లీ..."

ఇంటికి రాగానే కోడలిని కూర్చోబెట్టి, కొడుకునూ కూతురినీ వంటింట్లోకి పంపింది ఆవిడ. పప్పు మాడింది, కూరలో ఉప్పు ఎక్కువైంది. కోడలు వడ్డించుకుని, కంచం ఖాళీ అయ్యేదాకా తింది.