షాఫ్టు సొరంగంలో బటన్

ఆ ఓడలో పనిచేసి దిగినవాళ్లను ఎవర్నైనా అడగండి. ఇంజను గురించి చెప్పరు, తిన్న తిండి గురించి చెప్పరు. ముందుగా షాఫ్టు సొరంగం గురించే చెప్తారు. అదీ గొంతు తగ్గించి, వెనక ఎవరైనా ఉన్నారేమో చూసుకుని మరీ.

సొరంగం అంటే మరేం లేదు. ఇంజన్ రూం అడుగు నుంచి ఓడ తోక దాకా పోయే ఇరుకు దారి. ఒక పక్క నడుమంత లావు ఇనప షాఫ్టు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది. దాని చివర, బయట సముద్రంలో, ఓడను తోసే పంకా. రెండో పక్క ఒక్క మనిషి పట్టేంత చోటు. తల కాస్త వంచుకుని నడవాలి. దీపాలు రెండే. అందులో ఒకటి కొట్టుకుంటూనే ఉంటుంది, ఎన్నిసార్లు మార్చినా అంతే.

నాలుగేళ్ల కిందట ఆ సొరంగం చివర ఒక ఆయిలర్ పోయాడు. యంత్రాలకు నూనె పెట్టి, తుడిచి, చూసుకునేవాడు. రాత్రి రౌండుకి వెళ్లి అక్కడ కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిందన్నారు. ఓడల్లో మనుషులు పోవడం కొత్తేం కాదు, దానికే దెయ్యం పుట్టదు. ఈ దెయ్యం పుట్టింది బటన్ వల్ల.

ఆ బటన్ సంగతి ముందు చెప్పాలి.

రాత్రిళ్లు ఇంజన్ రూంలో మనుషులుండరు. ఏదైనా మొరాయిస్తే గంట మోగుతుంది, డ్యూటీలో ఉన్నవాడు లేచి ఒక్కడే దిగుతాడు. దిగినవాడు ఏ మెట్ల కిందో పడిపోతే తెలిసేదెలా? అందుకని తలుపు దగ్గర ఒక మీట వేసి దిగాలి. అప్పట్నుంచి అరగంటకోసారి కూత వస్తుంది, ఎర్రదీపం గిరగిరా తిరుగుతుంది. మూడు నిమిషాల్లో బటన్ నొక్కాలి. బటన్లు నాలుగు చోట్ల ఉంటాయి, ఏది నొక్కినా ఒకటే. నొక్కారా, ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. నొక్కలేదా... ఓడంతా గంటలు మోగి, పడుకున్నవాళ్లందరూ చొక్కాలు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొస్తారు.

"అది అడిగేది ఒక్కటే మాట," అనేవాడు ఫిట్టర్ బాబాయ్. "బతికే ఉన్నావా? అంతే. నొక్కితే... ఉన్నాను అని."

ఫిట్టర్ బాబాయ్ ఆ ఓడలో అందరికంటే పాత మనిషి. వెల్డింగు, రిపేర్లు అన్నీ ఆయన చేతి మీదే. ఓడ ఎక్కిన ప్రతి కొత్తవాడికీ ఈ కథ చెప్పేదీ ఆయనే. చెప్తూ చెప్తూ ఇక్కడ ఆగేవాడు. టీ చల్లారిపోయేది, ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు.

"ప్రాణం పోయింది అర్ధరాత్రికి ముందేనని డాక్టరు తేల్చాడు. పైన ఓడ నడిపే బ్రిడ్జిలో యంత్రం అచ్చేసిన కాగితం తీసి చూశారు. పన్నెండున్నరకి బటన్ నొక్కారు. ఒంటిగంటకి నొక్కారు. ఒకటిన్నరకి... రెంటికి... అలా మూడు దాకా. ఆరుసార్లు!"

అంటే, చచ్చినవాడు ఆరుసార్లు ఉన్నానని చెప్పాడన్నమాట.

కంపెనీవాళ్లు వచ్చారు, బటన్లో లోపమని రాసుకున్నారు, బటన్ మార్చేసి పోయారు. కొత్త బటన్ వచ్చింది గానీ సొరంగానికి వచ్చిన పేరు పోలేదు. అక్కడికి ఒంటరిగా వెళ్తే నీ బదులు వాడు నొక్కుతాడని చెప్పుకుంటూనే ఉన్నారు.

థర్డ్ ఇంజనీరు ఈ కథ విని నవ్వేసిన మనిషి. అదీ ఓడ ఎక్కిన కొత్తలో. ఇప్పుడు నవ్వడం లేదు, ఏడవడమూ లేదు.

పదకొండు రోజుల కిందట కెప్టెన్ తన గదికి పిలిపించి, కూర్చోబెట్టి, ఇంటి నుంచి వచ్చిన మెసేజి చదివి వినిపించాడు. అన్నయ్య పోయాడు. నిద్రలోనే. మర్నాడే అంత్యక్రియలు అయిపోతాయి. ఓడ నడిసముద్రంలో ఉంది, రేవు చేరడానికి ఇంకా ఇరవై రోజులు. ఆ అన్నయ్యే మెకానిక్ షెడ్డులో తొమ్మిదేళ్లవాడి చేతికి మొదటిసారి స్పానరు ఇచ్చి, పట్టుకోవడం నేర్పించినవాడు.

"సరే సార్," అన్నాడు థర్డ్ ఇంజనీరు. కిందికి దిగి, సగంలో వదిలేసిన వాల్వు బిగించాడు.

ఆ తర్వాత కూడా అంతే. డ్యూటీ టైముకి దిగడం, పని చేయడం, ఎక్కడం, పడుకోవడం. కంచం ముందు కూర్చునేవాడు, రెండు ముద్దలు కెలికి లేచిపోయేవాడు. అతను మెస్‌లోకి వస్తే పేకాట ఆగిపోయేది. అందరికీ ఏదో ఒకటి అనాలని ఉండేది, ఏమనాలో ఎవరికీ తెలిసేది కాదు. కదిలించడం ఎందుకులే, ఒంటరిగా ఉండనిద్దాం అనుకున్నారు. మంచి మనసుతోనే అనుకున్నారు.

అతనూ అంతే చేశాడు. వదినకు ఫోన్ చేయాలని మొదటి రోజు నంబరు సగం నొక్కి పెట్టేశాడు. ఏడుస్తూ ఉంటుంది, ఇప్పుడు కదిలించడం ఎందుకు అనుకున్నాడు. రెండో రోజూ అదే అనుకున్నాడు. మూడో రోజుకి ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదని అడుగుతుందేమోనన్న బెంగ కూడా తోడైంది. ఇక చేయలేదు.

లోపల ఏమీ లేదు. చెయ్యి మీద పడుకుని లేస్తే మొద్దుబారుతుందే, మనిషంతా అలా అయిపోయాడు.

పదకొండో రోజు రాత్రి ఒంటిగంట కావస్తుండగా గదిలో గంట మోగింది. షాఫ్టు సొరంగం అడుగున నీళ్లు చేరాయట.

మీట వేసి దిగాడు. సొరంగం చివరిదాకా వెళ్లాడు. నేల మీది ఇనప పలక ఎత్తి, భుజం దాకా చెయ్యి ఆ మురుగులో పెట్టి వెతికితే గొట్టం మూతికి గుడ్డపీలికలు చుట్టుకుని ఉన్నాయి. ఒక్కొక్కటే లాగాడు. నీళ్లు గుడగుడమంటూ దిగిపోయాయి. పలక మూశాడు. ఇక లేచి వెళ్లిపోవడమే.

లేవలేదు.

గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. కాసేపు కూర్చుందాం అనుకున్నాడు, అంతే. చెమట కారిపోతోంది. ఎదురుగా షాఫ్టు తిరుగుతోంది... తిరుగుతూనే ఉంది. ఆయిలర్ కూర్చున్నదీ ఇక్కడే కదా అనుకున్నాడు. ఆ ఆలోచన వచ్చినా ఒంట్లో ఏమీ కదల్లేదు.

కూత వచ్చింది. ఎర్రదీపం తిరిగింది.

బటన్ పది అడుగుల దూరంలో ఉంది. లేవబోతే కాళ్లు రాలేదు. పోనీ, మోగనీ. ఓడంతా మోగుతుంది, ఎవరో ఒకరు వస్తారు. వచ్చి, ఏమైందయ్యా అని అడుగుతారు. ఎవరైనా అలా అడిగితే బాగుండునని పదకొండు రోజుల్లో మొదటిసారి అనిపించింది. మోకాళ్ల మీద తల పెట్టుకుని ఎదురుచూశాడు.

ఒక నిమిషం... రెండు...

కూత ఆగిపోయింది.

తలెత్తాడు. ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. సొరంగంలో ఎవరూ లేరు.

భయపడాలి కదా? పడలేదు. వింతగా ఉందని మాత్రం అనుకుని, మళ్లీ తల వాల్చేశాడు. నోరు పిడచకట్టుకుపోతోంది. కళ్లు మూతలు పడుతున్నాయి.

అరగంటకి మళ్లీ కూత. మళ్లీ ఎర్రదీపం. ఈసారి నిమిషం కూడా కాలేదు... ఆగిపోయింది. ఆకుపచ్చ.

మూడోసారి కళ్లు తెరుచుకునే ఉన్నాడు. దూరంగా, సొరంగం మొదట్లో, కొట్టుకునే దీపం కింద... తెల్లగా ఏదో లేచి నిలబడింది. అక్కడి బటన్ మీదికి చెయ్యి చాచింది. కూత ఆగింది. తెల్లటిది పక్కకి తప్పుకుంది.

అప్పుడు తెలిసొచ్చింది అతనికి. వాడు నా బదులు నొక్కుతున్నాడు. నేను ఉన్నానని పైన అందరికీ చెప్తున్నాడు. ఇక ఎవరూ రారు. తెల్లారేదాకా రారు... ఆయిలర్ కోసం రాలేదు కదా, అలాగే.

అప్పుడు భయం వేసింది. చచ్చిపోతానేమోనన్న భయం అది. చచ్చిపోకూడదని తనకింకా ఉందని అప్పటిదాకా అతనికే తెలియదు.

కాళ్లు పనిచేయలేదు. మోచేతుల మీద పాకాడు. బటన్ పక్కనే గోడకి ఫోను ఉంది. దాన్ని అందుకోవడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సొచ్చింది.

"బ్రిడ్జి," అన్నాడు అవతల సెకండ్ ఆఫీసరు.

"ఎవరైనా రండి... లేవలేకపోతున్నా."

"అదేంటి? ఇప్పుడే నొక్కావుగా! మూడుసార్లూ టైముకి నొక్కావు."

"నొక్కింది నేను కాదు," అన్నాడు.

మరుక్షణం ఓడంతా గంటలు మోగాయి.

అందరికంటే ముందు వచ్చింది వంటాయన. ఎలా వచ్చాడో, గంట మోగిన అరనిమిషంలో పక్కన ఉన్నాడు. వెనకే ఫిట్టర్ బాబాయ్, చొక్కా లేకుండా. ఇద్దరూ చెరో భుజం పట్టి మెస్‌కి మోసుకొచ్చారు. ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు తాగించారు. ఒళ్లు ఎండిపోయింది, ఇంకో గంట అలాగే ఉంటే దక్కేవాడు కాడు అన్నాడు ఫిట్టర్.

గ్లాసు సగం అయ్యాక థర్డ్ ఇంజనీరు నోరు విప్పాడు.

"వాడు ఉన్నాడు బాబాయ్. చూశాను. తెల్లగా ఉన్నాడు. మూడుసార్లు నొక్కాడు."

ఫిట్టర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్నేళ్లుగా ఆ కథ చెప్పినవాడు, నిజంగా చూశానన్న మనిషి దొరికితే కూడా ఒక్క మాట అడగలేదు.

వంటాయన తెల్ల ఏప్రన్ అంచు నలుపుతూ నిలబడ్డాడు.

"సార్... అది నేనండి."

ఫిట్టర్ చటుక్కున అతని వైపు తిరిగాడు.

"నాది మీ పక్క గదే కదా, గంట విని లేచానండి. మీరు రాత్రి ఏం తినలేదు కదా అని టీ పట్టుకొచ్చాను. చూస్తే మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్నారు. హమ్మయ్య, ఇన్నాళ్లకి ఏడుస్తున్నారు అనుకున్నానండి. మనసారా ఏడవనీ, ఇప్పుడు కదిలించడం ఎందుకని... ఎవరూ రాకుండా బకెట్ బోర్లించుకుని కాపలా కూర్చున్నా. కూత వస్తే మీరు లేవాల్సొస్తుందని నేనే నొక్కా. బాబాయ్ కథ విన్నాగా, ఎట్లా నొక్కాలో తెలుసు."

"చంపేసేవాడివి కదరా!"

ఫిట్టర్ చెయ్యి లేచింది. కొడతాడనే అనుకున్నారు. లేచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. కిందికి రాలేదు. ఆ చేతినే చూసుకుంటూ మెల్లగా బెంచీ మీద కూలబడ్డాడు.

"నేనూ అట్లాగే అనుకున్నా," అన్నాడు.

"ఏంటి బాబాయ్?"

"ఆ రాత్రికి ఆయిలర్‌కి రెండు రోజులుగా నిద్ర లేదు. సొరంగం మొదట్లోని వర్క్‌షాపులో నేను ఏదో అర్జెంటు వెల్డింగు చేసుకుంటున్నా. సొరంగంలోకి తొంగిచూస్తే గోడకానుకుని కూర్చున్నాడు. కునుకు తీస్తున్నాడనుకున్నా... తీయనీ పాపం, లేపడం ఎందుకని. కూత వచ్చినప్పుడల్లా వెళ్లి నొక్కొచ్చా. పొద్దున్నే వాణ్ణి ఆటపట్టించొచ్చని నవ్వుకున్నా కూడా."

"ఎన్నిసార్లు?" అని అడిగాడు థర్డ్ ఇంజనీరు. అడగనక్కర్లేదు.

"ఆరు," అన్నాడు ఫిట్టర్.

నాలుగేళ్లు ఆ ఓడను భయపెట్టిన దెయ్యం బెంచీ మీద, చొక్కా లేకుండా, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని కూర్చుంది.

థర్డ్ ఇంజనీరుకి కోపం రాలేదు. వాళ్లిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కదిలించడం ఎందుకు, లేపడం ఎందుకు... ఆ మాటలు పదకొండు రోజులుగా తను రోజూ అనుకున్నవే. మరి అక్కడ, ఇంట్లో, వదిన ఎలా ఉందో? అందరూ ఆమె బదులు తామే బాగానే ఉందని అనేసుకుంటున్నారేమో. తను కూడా.

గ్లాసు పక్కన పెట్టాడు. బల్ల పట్టుకుని లేచాడు. మెస్ పక్కనే ఫోను గది. ఇంటి దగ్గర అప్పటికి బాగా పొద్దెక్కి ఉంటుంది. ఈసారి నంబరు మొత్తం నొక్కాడు.

చాలాసేపు మోగింది. ఎత్తరేమో అనుకుంటుండగా ఎత్తారు.

"వదినా..." అన్నాడు.

అవతల ఎక్కడో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"పదకొండు రోజులు," అంది వదిన. గొంతు బొంగురుపోయి ఉంది. "బతికే ఉన్నావటయ్యా?"

ఫోనును రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఉన్నాను వదినా," అన్నాడు. అంటూనే ఏడ్చేశాడు, గోడకి తల ఆనించి, పక్క గదిలోకి కూడా వినపడేంత గట్టిగా. అవతల వదిన కూడా ఏడుస్తోంది. ఇద్దర్లో ఎవరూ ఫోను పెట్టలేదు.