సుత్తి మీద ఫిర్యాదు

2084 నాటికి గాజువాకలో ఎవరూ కుక్కర్ కూతలు లెక్కపెట్టడం లేదు. మూత మీద చిన్న దీపం మూడుసార్లు వెలిగితే పప్పు ఉడికినట్టు. మిక్సీ తిరుగుతోందో లేదో చెయ్యి ఆనించి చూసుకోవాలి. లారీలూ, డ్రిల్లింగ్ మిషన్లూ, ఎదురింటివాళ్ళ బోరు మోటారూ ఏ చప్పుడూ లేకుండా తమ పని తాము చేసుకుపోతాయి.

ఊరంతా పరిచిన ఈ ఏర్పాటు పేరు మౌనఛత్రం. దీపస్తంభాల్లోనూ ఇళ్ళ గోడల్లోనూ ఉన్న మైక్రోఫోన్లు రొదను పట్టుకోగానే, స్పీకర్లు దానికి సరిగ్గా తలకిందులైన ప్రతితరంగాన్ని, అంటే యాంటీఫేజ్ వేవ్‌ను, వదులుతాయి. రెండూ కలిసి సున్నా అవుతాయి. మాట, పాట, పక్షి కూత మాత్రం చెవిదాకా వస్తాయి. ఏది పాటో ఏది రొదో తేల్చేది ఛత్రమే. ఇయర్‌ఫోన్లకూ అదే తీర్పు.

దాన్ని తయారుచేసిన డాక్టర్ హైమవతి ఎదుట, సోమవారం పొద్దున ఇద్దరు కూర్చుని ఉన్నారు. నూకరత్నం, డేనియల్. ఓడల మరమ్మతు యార్డులో వెల్డర్లు. తీరిక వేళల్లో ఇండస్ట్రియల్ మెటల్ అనే హోరు సంగీతం వాయిస్తారు. బ్యాండు పేరు సుత్తి. వాళ్ళ తొలి చిన్న ఆల్బమ్, నాలుగు పాటల ఈపీ, మొత్తం పద్నాలుగు నిమిషాలు, ఆ ఉదయమే విడుదలైంది. ఊళ్ళో ఒక్కరికీ వినిపించలేదు.

"మీ గొడుగు మా పాట మింగేసినాది మేడమ్," అంది నూకరత్నం.

"రేకులు కోసే చప్పుడు, సమ్మెట దెబ్బలు, మధ్యలో మీ కేకలు. రొద అనుకుంది. నేనైనా అలాగే అనుకుంటానేమో," అంది హైమవతి, ఛత్రం పంపిన నివేదిక చూస్తూ.

"ఇన్నారేటి?"

"లేదు."

"తినకుండానే ఉప్పెక్కువైందంటే ఎలాగ?"

"పేరు మార్చమని మొత్తుకున్నాను మేడమ్," అన్నాడు డేనియల్. "సుత్తి అని పెట్టుకుంటే మిషను మాత్రం ఏటనుకుంటాది?"

హైమవతి నవ్వు ఆపుకుని నియమం చెప్పింది. మూడు రోజుల్లో వందమంది చివరిదాకా వింటే ఛత్రం తన తీర్పు తానే మార్చుకుంటుంది. లేకపోతే ఆ ధ్వని శాశ్వతంగా రొద జాబితాలో చేరిపోతుంది.

"ఇనిపించని పాట వందమంది ఎలాగింటారు?"

ఛత్రం పరిచిన తొమ్మిదేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది.

నూకరత్నం లేచింది. "మా అయ్యకి యార్డులోనే సెవులు పోయినాయి. మీ గొడుగు మంచిదే, కాదన్ను. కానీ పొద్దల్లా మేం సేసే పనికి సప్పుడే లేపోతే, మేం ఉన్నామని ఎవుడికి తెలుస్తాది?"

మంగళవారం మధ్యాహ్నం యార్డు క్యాంటీన్ నడిపే సత్తెమ్మకి ఓర్పు నశించింది. డేనియల్ ఇడ్లీ ముందు పెట్టుకుని గంటసేపుగా తన కష్టం చెబుతున్నాడు. ఆవిడ వేళాకోళానికి ఫోను తీసి, శబ్ద ఫిర్యాదుల విభాగానికి చెప్పింది: "ఈ సుత్తి భరించలేకపోతన్నాను బాబూ."

ఇరుగుపొరుగులు పగబట్టి ఒకరిమీద ఒకరు దొంగ ఫిర్యాదులు చెయ్యకుండా హైమవతి ఒక జాగ్రత్త పెట్టింది. ఫిర్యాదు వస్తే ఆ చప్పుడును ఛత్రం ఆ ఒక్కరికే పూర్తిగా వినిపించి, ఇదేనా అని అడుగుతుంది. డేనియల్ మాటలే సుత్తి అని ఛత్రానికి తెలియదు. దానికి తెలిసిన సుత్తి ఒకటే. సత్తెమ్మ చెవిలో పద్నాలుగు నిమిషాలూ మోగించి, "మీ ఫిర్యాదు దీని గురించేనా?" అంది.

సత్తెమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడి, "ఇది కాదేమో. మొదట్నించి మళ్ళీ ఎయ్యి," అంది.

సత్తెమ్మ చెప్పగా విని, సాయంత్రం షిఫ్టు మారేలోగా యార్డులో సగంమంది సుత్తి మీద ఫిర్యాదు చేశారు. ఆరింటికి చివరిదాకా విన్నవాళ్ళు వంద దాటారు. పాట ఊరంతటికీ తెరుచుకుంది.

నూకరత్నం ఫోను చేసింది. "ఇనిపిస్తంది మేడమ్. క్రేను మీదోళ్ళు కూడా తలలూపుతున్నారు. ఇప్పటికైనా మీరిన్నారా?"

"విన్నాను. మూడో పాటలో కొంచెం ఉప్పెక్కువైంది."

"అది నేను కావాలనే ఏసినాను," అంది నూకరత్నం.

అంతటితో అయిపోయిందనుకుంది హైమవతి. కానీ బుధవారం మధ్యాహ్నానికి ఫిర్యాదులు ఆరువేలు దాటాయి.

"పాట తెరిచావు కదా. ఇంకా ఎందుకు తిడుతున్నారు?" అని ఛత్రాన్ని అడిగింది.

"ఇవి సుత్తి మీద కాదు మేడమ్. మర్రిపాలెంలో ఒకామె తన కుట్టుమిషన్ మీద తానే ఫిర్యాదు చేసింది. వినిపించాను. ఇదే, ఇదే అంది. ఒక పెద్దాయన గూడ్సు రైలు మీద చేశాడు. అవునో కాదో ఏడుసార్లు విన్నా తేల్చుకోలేకపోయాడు. ఇది నా అమరికలో లోపమా? ఈ దారి మూసెయ్యనా?"

హైమవతి లేచి గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"వద్దు, ఉండనీ. నాదీ ఒక ఫిర్యాదు రాసుకో."

"దేని మీద?"

"మా ఆయన గురక. భోంచేసి ఈపాటికి పడుకుని ఉంటారు." తర్వాత, ఎవరికీ చెప్పని మాట చెప్పింది. "మొట్టమొదట నిన్ను తయారుచేసింది దానికోసమే."

గదిలోకి ఆ చప్పుడు వచ్చింది. రాయి మీద రంపంలా మొదలై, చివర చిన్న ఈలతో ఆగి, మళ్ళీ అందుకుంది.

"మీ ఫిర్యాదు దీని గురించేనా మేడమ్?"

హైమవతి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"ఏమో, సరిగ్గా గుర్తుపట్టలేకపోతున్నాను," అంది. "ఇంకాసేపు విననీ."