ఎడమ మోచేతి ధమని

"డిటొనేటర్లు దాచావు, భేష్. కరీంనగర్ నుంచి పోలీసు జీపులు మూడింటికి వస్తాయి. అప్పటిదాకా నోరు విప్పకు."

ట్రాన్స్‌మిటర్‌లో చీఫ్ ఇచ్చిన ఆర్డర్ అది. బొగ్గు నింపే పోశం వేషంలో గోదావరిఖనిలో తిరుగుతున్న ఏజెంట్ ఆమోసు, గంట తిరక్కుండానే దొరికిపోయాడు.

ఇప్పుడు కాంట్రాక్టర్ కొమురెల్లి గోదాములో కుర్చీకి కట్టేసి ఉన్నాడు. 1971 మే నెల ఎండ. రేకుల కింద చచ్చిన ఎలుక కంపు, జర్దా ఉమ్ము కంపు. ఏది ఎక్కువ రోతో తేల్చుకోలేకపోయాడు. కొమురెల్లి తండ్రి అక్కడి బొగ్గుగనిలోనే పనిచేసి చచ్చాడు. ఆ కొడుకే విదేశీ ముఠాకు అమ్ముడుపోయి, అదే గనిలో డైనమైట్ పెట్టించాడు. ఆమోసు దాచిన డిటొనేటర్లు దానికి తగిలించి, మూడు గంటల షిఫ్టు గనిలోకి దిగగానే పేల్చాలి. మూడు వందల మంది. థూ, వీడూ ఒక మనిషేనా!

"డిటొనేటర్లు ఏడ పెట్టినవ్‌రా?"

"నాకేం ఎరుకనే అన్నా! బొగ్గు నింపేటోణ్ని."

కొమురెల్లి అతని కాళ్ళ మీద ఉమ్మాడు. "సిస్టర్, సూది ఎయ్యి. జల్ది!"

సుసన్నా ముందుకొచ్చింది. ముఠా రప్పించిన నర్సు. తెల్లచీర, నల్లకళ్ళద్దాలు. ఆ కంపులో ఆమె సెంటు వాసన కూడా కలిసింది. సిరంజిలో ట్రూత్ సీరం. అది నరానికి ఎక్కితే ఎంతటివాడైనా నిజం కక్కేస్తాడు.

ట్రైనింగ్‌లో డాక్టర్ చెప్పిన మాట ఆమోసుకు గుర్తొచ్చింది. "నీ ఎడమ మోచేతి దగ్గర ధమని చర్మం కిందే ఉంది. నూటికి ఇద్దరు ముగ్గురికి ఇలా ఉంటుంది. చూడ్డానికి సిరలాగే కనిపిస్తుంది. పొరపాటున అందులో మందు ఎక్కిస్తే తలకు పోదు. చేతిలోకి దిగి వేళ్ళను చంపేస్తుంది."

పోతే వేళ్ళు పోతాయి.

"కుడి చెయ్యి పుండైంది సిస్టర్," అన్నాడు. "ఎడమదానికెయ్యి."

ఆమె వేలు ఆ నాళం మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత సూది దిగింది.

చేతిలో నిప్పులు పోసినట్టయింది. ఆమోసు గావుకేక పెట్టాడు. వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. బుర్ర మాత్రం తేటగానే ఉంది.

"ఇప్పుడు చెప్పు. ఏడ పెట్టినవ్?"

"గనిలో చచ్చిన మీ నాయిననడుగు!"

కొమురెల్లి పిస్తోలు తీశాడు. మూడింటి సైరన్ మోగింది. అదే క్షణంలో పోలీసులు తలుపు విరగ్గొట్టారు.

వారం తర్వాత దవాఖానలో ఆమోసు ఎడమ చేతి రెండు వేళ్ళు నల్లబడి కుళ్ళు వాసన కొట్టాయి. తన చెయ్యి చూసుకుంటే తనకే వాంతి వచ్చింది. కట్టు మార్చడానికి సుసన్నా వచ్చింది. ముఠాలో చీఫ్ పెట్టిన మనిషి ఆమే. పోలీసులకు గోదాము జాడ చెప్పిందీ ఆమే.

"ఏలు పెట్టంగనే నాడి కొట్టుకున్నది," అంది. "ధమని అని తెలిసింది."

"తెలిసే పొడిచినవా?"

"నువ్వు తెలిసే చెయ్యి చూపియ్యలేదా?"

ఆమోసు కుడి చెయ్యి ఆమె ముందుకు చాపాడు.

"మళ్ళా సూది ఏసేదుంటే కుడి చేతికెయ్యి సిస్టర్. నువ్వు ఏమడిగినా నిజమే చెప్త."