సగం పందెం

"అదృష్టం! ఒట్టి అదృష్టం!" అంటూ కుర్చీలోంచి లేచాను.

రీటా నా పోకర్ చిప్స్ అన్నీ తన వైపు లాక్కుంటూ, "మెల్లగా శ్రీపతీ, అందరూ చూస్తున్నారు" అంది.

అరవనా మరి? న్యూ లిన్ పేటలో ఆ పబ్‌లో ప్రతి శనివారం మధ్యాహ్నం ఉచితంగా పోకర్ పేకాట టోర్నమెంట్. 2007లో, న్యూజిలాండ్‌లో మా ఆక్లాండ్ అంతా అదే పిచ్చి. పైసా పందెం లేదు, ప్లాస్టిక్ చిప్స్, గెలిస్తే చప్పట్లు. ఆఫీసులో కోడ్ రాసే బుర్రతో నేను లెక్కలేసుకుని ఆడతాను. వృద్ధుల రెస్ట్ హోమ్‌లో నర్సు రీటా కబుర్లాడుతూ ఆడుతుంది. గెలిచేది మాత్రం తనే.

ఇవాళ నా చేతిలో రెండు ఆసులు! నన్ను కొట్టాలంటే తనకి ఐదు ఇస్పేట్లు కావాలి. బల్ల మీద రెండు, తన చేతిలో రెండు. తెరవాల్సింది ఇంకొక్క ముక్క. ఐదింట నాలుగు పాళ్ళు గెలుపు నాదే. పడింది, దిక్కుమాలిన ఇస్పేటు! అయినా ఆసుల మీద నమ్మకంతో మిగిలిన చిప్స్ కూడా కాసి పోగొట్టుకున్నాను.

ఇంకో రోజైతే నవ్వేసేవాణ్ణి. కానీ ఆట మొదలయ్యే ముందు రీటా, "రేపు హామిల్టన్ నుంచి నన్ను చూడ్డానికి పెళ్ళికొడుకువాళ్ళొస్తున్నారు. నాన్న మాటిచ్చేసేలా ఉన్నారు" అంది. ఇవాళ గెలిస్తే మనసులో మాట చెప్పేస్తా అని మొక్కుకున్నాను. ఓడిపోయాను.

బయట వాన. స్టేషన్ దగ్గరికి వాళ్ళ నాన్న కారు తెస్తారు. ఒకే గొడుగులో నడుస్తున్నాం.

"ఏదో చెప్పాలనుకుంటున్నావు" అంది.

"గెలిస్తే చెబుదామనుకున్నా."

రీటా ఆగిపోయింది. "అంటే? నన్ను పేకముక్క మీద పెట్టావా?"

"లెక్క ప్రకారం నేనే గెలవాలి రీటా!"

"ఏం లెక్క? ఆసులు పెట్టుకుని భయపడి సగం పందెం కాశావు. మొత్తం తోసుంటే నేను ముక్కలు పడేసి వెళ్ళిపోయేదాన్ని. ఆ చివరి ముక్క పడేదే కాదు. తలుపు ఓరగా వదిలేసి, అదృష్టం దూరిందని ఏడిస్తే ఎలా?"

నిజమే. ఏడాదిగా అంతే. కాఫీకి పిలుస్తాను, పక్కన ఇంకో ఇద్దర్ని కూర్చోబెడతాను.

"నువ్వంటే ఇష్టం" అన్నాను. "రేపటి సంగతి తల్చుకుంటే ఊపిరాడట్లేదు."

రీటా కళ్ళు చెమర్చాయి. అయినా పెంకిదే! "నాకు చెప్తే సగం పందెమే. అదిగో నాన్న."

జయరాజు అంకుల్ చర్చిలో పెద్ద. పేకముక్క పేరెత్తితే చాలు, సైతాను అంటారాయన. నేనేమో ప్రొద్దుటూరు శివాలయం వీధివాణ్ణి. గొడుగు రీటా చేతిలో పెట్టి కారు అద్దం తట్టాను.

"అంకుల్, నేను శ్రీపతిని. మీ అమ్మాయిని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను. మేం చర్చివాళ్ళం కాదు. పైగా నేనూ రీటా పబ్‌లో పేకాడతాం. పందెం ఉండదు."

"పేకాటా? నా కూతురా?"

"గెలుస్తుంది కూడా అంకుల్" అనేశాను భయంలో. రీటా నా జబ్బ మీద గిల్లింది.

ఆయన రీటా వైపు తిరిగారు. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి, నా గుండె కూడా.

"ఇష్టమేనా అమ్మా?" అనడిగారు. రీటా తలూపింది.

"హామిల్టన్ వాళ్ళని ఆగమంటాలే. నాకైతే చెప్పావు బాబూ. ఇంట్లో వీళ్ళమ్మ ఆనందమ్మకి ఎవరు చెప్తారు?"

"మీరు చెప్పరా అంకుల్?"

"నేనా! నాకు భయం. ఎక్కు, నువ్వే చెప్పు."

ముందు సీట్లో పాపటోయిటోయి ఇండియన్ షాపులో కొన్న బియ్యం బస్తా, బెల్టు పెట్టుకుని మరీ కూర్చుంది. మేమిద్దరం వెనక ఎక్కాం. రీటా చెయ్యి నా చేతిని వెతుక్కుంది. నాకంటే ఎక్కువ వణుకుతోంది.

"నీకూ భయమేనా?" అన్నాను గుసగుసగా.

"మా అమ్మ సంగతి నీకు తెలీదు."

"ఒప్పుకుంటుందంటావా?"

"ఏమో. చివరి ముక్క ఆవిడ దగ్గరుంది" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "కానీ ఈసారి సరిగ్గా ఆడావు."